కొమ్ముల పురుగును, అది బతికే చెట్టును సరిగ్గా గుర్తించడం ఎలా: ట్రీహాపర్ల సమగ్ర మార్గదర్శి

వానలు మొదలయ్యాయంటే నాకు ఒకే రకం ఫొటోలు వస్తాయి. తుమ్మ కొమ్మ మీద ముల్లులా కూర్చున్న చిన్న గోధుమరంగు పురుగు, నెత్తిన రెండు కొమ్ములు. "ఇదేం పురుగండీ?" అని అడుగుతారు. ఏ చెట్టు మీద కనిపించిందని నేను అడిగితే "ఏదో తుమ్మండీ" అంటారు.

ముందు నుంచి తీసిన ఒక్క ఫొటో, "ఏదో తుమ్మ" అనే ఒక్క మాట. ఈ రెండింటితో పేరు చెప్పడం కుదరదు. కుదురుతుందని చెప్పేవాళ్లు ఊహించి చెబుతున్నట్టే. అందుకే మొదటి నుంచి చివరి దాకా వరసగా రాస్తున్నాను. పురుగు కంటే ముందు చెట్టు పేరు తేల్చుకోవాలి. ఆ చెట్టు మీదే అది బతుకుతోందనడానికి రుజువు వెతుక్కోవాలి. పురుగు పేరు ఆ తర్వాత సంగతి.

ట్రీహాపర్లను వ్యవసాయం వాళ్లు కౌబగ్ అని కూడా అంటారు. ఇక్కడ నేను కొమ్ముల పురుగు అనే రాస్తాను. రెక్కలొచ్చి పూర్తిగా ఎదిగినవాటిని, ఆడైనా మగైనా, తల్లి పురుగులనీ, ఎదగనివాటిని పిల్ల పురుగులనీ అంటాను, మన రైతులు అనే మాటే.

1. బయల్దేరే ముందు

ఖరీదైన సామాను ఏదీ అక్కర్లేదు. ఇవి చాలు:

- పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం
- మాక్రో ఫొటో తీయగల ఫోన్, లేదా ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్స్
- మిల్లీమీటర్ల గీతలున్న చిన్న స్కేలు
- మూత గట్టిగా పడే చిన్న ప్లాస్టిక్ డబ్బాలు నాలుగైదు
- తెల్ల గుడ్డ లేదా పాత గొడుగు
- పాత దినపత్రికలు, అట్టముక్కలు రెండు (చెట్టు రెమ్మ ఆరబెట్టడానికి)
- చిన్న నోటుబుక్కు, పెన్సిలు (పెన్నుతో రాస్తే తడికి అలుక్కుపోతుంది)
- పొడుగు చేతుల చొక్కా, మందపాటి చెప్పులు (తుమ్మముల్లు హవాయి చెప్పులోంచి దిగిపోతుంది)

అభయారణ్యాల్లో, జాతీయ పార్కుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా పురుగునైనా, రెమ్మనైనా తీసుకురాకూడదు. అక్కడ ఫొటోలతో సరిపెట్టుకోండి. నేర్చుకునేవాళ్లకు చెరువు గట్టు, పొలం గట్టు, రోడ్డు పక్క తుప్పలు చాలు.

2. వెతకాల్సింది చీమలను

కొమ్ముల పురుగు సాధారణంగా సెంటీమీటరు కూడా ఉండదు. రంగు బెరడుదే, ఆకారం ముల్లుదే. నేరుగా దాని కోసం వెతికితే కళ్లు నొప్పి పుడతాయి తప్ప దొరకదు. చీమల బారు కోసం వెతకండి.

వానలు పడి కొత్త చిగుళ్లు వచ్చాక తుమ్మ చెట్టు దగ్గర నిలబడి చూడండి. గండుచీమలు, అంటే ఆ పెద్ద నల్లచీమలు, మొదలు నుంచి కొమ్మల్లోకి బారుగా పోతుంటే వెంబడించండి. లేత కొమ్మ మీద ఒకచోట గుంపుగా ఆగి అటూ ఇటూ తిరుగుతుంటే అక్కడ ఏదో ఉన్నట్టే. పేనుబంక కావచ్చు, పిండినల్లి కావచ్చు, మన కొమ్ముల పురుగులూ కావచ్చు.

ఇక్కడ రెండు నిమిషాలు కదలకుండా చూడండి. చీమ తన మీసాలతో పిల్ల పురుగు వీపును తడుతుంది. పిల్ల పురుగు పొట్ట చివర సన్నని గొట్టం ఉంటుంది. దాన్ని కాస్త పైకెత్తుతుంది. గొట్టం కొసన అద్దంలా మెరిసే బొట్టు ఒకటి నిలుస్తుంది. చీమ దాన్ని తాగేస్తుంది, ఇంకో పిల్ల దగ్గరికి పోతుంది. ఇది చెట్టు రసం పీల్చగా బయటికొచ్చే తీపి ద్రవం. దీనికోసమే చీమలు కాపలా ఉంటాయి. ఈ దృశ్యం వీడియో తీసి ఉంచుకోండి, ఆరో మెట్టులో పనికొస్తుంది.

చీమలు లేకపోతే కొమ్మ కింద తెల్లగుడ్డ పట్టుకుని కొమ్మను రెండుసార్లు గట్టిగా తట్టండి. కాకపోతే ఇలా రాలిన పురుగు ఏ రెమ్మ మీద కూర్చుందో తెలియదు. కాబట్టి ఇది రెండో దారిగానే ఉంచుకోండి.

3. చెయ్యి పెట్టకముందే ఫొటోలు

తల్లి పురుగు అలికిడి పసిగట్టగానే కొమ్మకు అవతలివైపు జరుగుతుంది. మీరు తిరిగితే అదీ తిరుగుతుంది. ఇంకా దగ్గరికెళ్తే టప్పున గెంతేస్తుంది. అవతలి వైపు అరచెయ్యి మెల్లగా అడ్డం పెడితే మళ్లీ మీవైపు వస్తుంది. తొందరపడకండి.

ఈ ఫొటోలు ఈ వరసలో తీయాలి:

- పక్క నుంచి (అన్నిటికంటే ముఖ్యం, ఇదొక్కటే దొరికినా సగం పని అయినట్టే)
- పైనుంచి
- ఎదుటి నుంచి, ముఖం కనిపించేలా
- వెనకవైపు నుంచి కాస్త ఏటవాలుగా
- పక్కన స్కేలు పెట్టి ఒకటి
- చుట్టూ ఉన్న గుంపు, పిల్లలు, చీమలు
- అదే రెమ్మ ఆకులు, ముళ్లు
- చెట్టు మొత్తం

పురుగు అందంగా కనిపించేది ఎదుటి నుంచి. కొమ్ములు రెండూ ఎద్దు కొమ్ముల్లా నిలబడతాయి. అందుకే అందరూ అదే తీస్తారు. పేరు తేల్చే గుర్తులు మాత్రం పక్క ఫొటోలో ఉంటాయి.

4. అసలు ఇది కొమ్ముల పురుగేనా?

మెడ మీది కవచాన్ని ప్రోనోటం అంటారు. కొమ్ముల పురుగులో ఈ ప్రోనోటం మెడ దగ్గర ఆగదు, వీపు మీదుగా వెనక్కి సాగి ముల్లులా ముగుస్తుంది. దీన్ని ఇకపై వెనకముల్లు అంటాను. కొమ్ములు లేని రకాలూ ఉన్నాయి కానీ వెనక్కి సాగిన ఈ కవచం మాత్రం ఉండి తీరాలి.

పచ్చదోమ లాంటి ఆకు గెంతుడు పురుగులతో పొరపడేవాళ్లు ఉన్నారు. వాటి వెనక కాళ్ల మీద దువ్వెన పళ్లలా ముళ్ల వరసలు స్పష్టంగా ఉంటాయి, వెనకముల్లు ఉండదు. భూతద్దంలో ఒక్క చూపుతో తేలిపోతుంది.

పిల్ల పురుగులకు పెద్ద కొమ్ములూ, వెనకముల్లూ ఉండవు. నక్కినట్టు, గరుకుగా, పొట్ట చివర గొట్టంతో ఉంటాయి. పిల్లలను బట్టి పేరు పెట్టడానికి ప్రయత్నించకండి.

5. చెట్టు పేరు తేల్చడం

ఎక్కువ మంది దాటేసే మెట్టు ఇదే, అందుకే ఎక్కువ రాస్తున్నాను. మన దగ్గర "తుమ్మ" అనే మాట కింద ఏడెనిమిది చెట్లు కలిసిపోతాయి. చాలావాటికి చింతాకు లాంటి చిన్న ఆకులే, ముళ్లే. దూరం నుంచి అన్నీ ఒకటే.

ముల్లు, ఆకు పాయలు, పువ్వు, కాయ. ఈ నాలుగింట్లో కనీసం మూడు చూడనిదే పేరు రాయకండి. ఆకు పాయ అంటే మధ్య ఈనెకు అటూ ఇటూ చీలిన చిన్న ఈనె. దానిమీదే చిట్టి ఆకులుంటాయి.

- నల్ల తుమ్మ: గణుపు దగ్గర జంటగా నిటారు తెల్లని ముళ్లు. పసుపుపచ్చ గుండ్రని పూలు. కాయ పూసల దండలా గింజ గింజకూ నొక్కుకుని, బూడిద రంగులో ఉంటుంది. ఈ కాయ చూస్తే ఇంక అనుమానం అక్కర్లేదు.
- తెల్ల తుమ్మ: బెరడు పాలిపోయిన తెలుపు. లేత పసుపు చిన్న గుండ్రని పూలు కొమ్మల చివర పెద్ద గుత్తులుగా వస్తాయి.
- సర్కారు తుమ్మ (కొన్నిచోట్ల కంపచెట్టు, చిల్లచెట్టు): ఆకుకు పాయలు తక్కువ, ఒకటి నుంచి మూడు జతలే. పువ్వు గుండ్రంగా ఉండదు, తోకలా పొడుగ్గా ఉంటుంది. కాయ పసుపుగా, బద్దలా ఉంటుంది, లోపల తియ్యని గుజ్జు.
- జమ్మి: ముళ్లు జంటగా ఉండవు, గణుపుల మధ్య అక్కడక్కడా మొలిచిన పొట్టి శంకువుల్లా ఉంటాయి. కాయ సన్నగా గుండ్రంగా ఉంటుంది.
- సండ్ర: ముళ్లు జంటగానే ఉంటాయి కానీ కొక్కెంలా వంకర తిరిగి ఉంటాయి.
- సీమచింత: ఆకుకు రెండే పాయలు, పాయకు రెండే చిట్టి ఆకులు, మొత్తం నాలుగు. కాయ మెలికలు తిరుగుతుంది.
- సుబాబుల్: ముళ్లు లేవు. తెల్లని గుండ్రని పూలు, బల్లపరుపు గోధుమరంగు కాయలు గుత్తులుగా.
- దిరిసెన: ముళ్లు లేవు. కుచ్చు లాంటి పూలు. గడ్డిరంగు పలచని కాయలు ఎండి గాలికి గలగలలాడతాయి.

పువ్వూ కాయా లేని కాలంలో చెట్టు కింద రాలిన పాత కాయలు వెతకండి. అదీ దొరక్కపోతే గొర్రెలు కాసేవాళ్లను అడగండి. ఏ కొమ్మ మేపాలో రోజూ తేల్చుకునేవాళ్లు వాళ్లు. ఒక్క జాగ్రత్త, ఊరి పేరు ఊరికి మారుతుంది. కాబట్టి వాళ్లు చెప్పిన పేరు యథాతథంగా రాసుకుని, పక్కన మీరు చూసిన గుర్తులూ రాయండి.

నేను మొదట్లో ఒక గట్టు మీద ఆరు చోట్ల చూసిన పురుగులన్నిటికీ "నల్ల తుమ్మ" అని రాసిపెట్టుకున్నాను. పూలు వచ్చాక మళ్లీ వెళ్తే అందులో రెండు సర్కారు తుమ్మలు. ఆ రెండు రికార్డులు దిద్దుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి పక్కనే రెమ్మ ఒకటి కోసి దినపత్రిక మడతలో ఆరబెట్టకుండా ఇంటికి రాలేదు.

కొమ్ముల పురుగులు తుమ్మల మీదే ఉండవు. కంది చేలో, వంగ మీద కూడా చూస్తాం. కంది మొక్క మొదట్లో, కాండం మీద గరుకుగా బుడిపెలు లేచి ఉంటే, దాని మీద చీమలు తిరుగుతుంటే వంగి చూడండి.

6. అది నిజంగా ఆతిథేయ మొక్కేనా?

పురుగు కూర్చున్న ప్రతి మొక్కా దానికి తిండి పెట్టే ఆతిథేయ మొక్క కాదు. గెంతి, గాలికి కొట్టుకొచ్చి పక్క మొక్క మీద వాలొచ్చు. తుమ్మ మీదికి పాకిన తిప్పతీగ మీదా ఉండొచ్చు. కాబట్టి రుజువును మూడు స్థాయిలుగా రాసుకోవాలి.

- గట్టి రుజువు: అదే రెమ్మ మీద పిల్ల పురుగులు, గుడ్లు పెట్టిన చీలికలు, పిల్లలు వదిలిన పొట్టు. గుడ్లు పైకి కనిపించవు. తల్లి లేత కొమ్మ బెరడును చీల్చి లోపల పెడుతుంది. బెరడు మీద సన్నని గాటు మచ్చలుగా తెలుస్తాయి. పొట్టు మాత్రం తెల్లగా, కాగితంలా, కాళ్లతో సహా కొమ్మకు అతుక్కుని ఉంటుంది.
- మధ్యస్థం: తల్లి పురుగులు గుంపుగా, తొండం కొమ్మకు ఆనించి కదలకుండా ఉన్నాయి. చీమలు కాపలా ఉన్నాయి. కింది ఆకుల మీద జిగట, దాని మీద నల్లని మసి.
- బలహీనం: ఒకే ఒక్క తల్లి పురుగు, ఆకు మీద.

మూడోది మాత్రమే ఉంటే "ఫలానా మొక్క మీద వాలి ఉండగా చూశాను" అని రాయండి. "ఆతిథేయ మొక్క" అనే మాట వాడకండి. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే ఆతిథేయ మొక్కల జాబితాలు పొడుగవుతాయి. తర్వాత వాటిని నమ్మి ఎవరో పొలంలో నిర్ణయం తీసుకుంటారు.

7. ప్రజాతి తేల్చే మూడు ప్రశ్నలు

దగ్గరి పోలికలున్న జాతుల గుంపును ప్రజాతి అంటారు. శాస్త్రీయ నామంలో మొదటి మాట ప్రజాతిది, రెండో మాట జాతిది. ఇప్పుడు పక్క ఫొటో తెరవండి. ప్రోనోటం వెనక, రెక్కల మొదళ్ల మధ్య చిన్న త్రికోణపు పలక ఉంటుంది. దాని పేరు స్క్యుటెల్లం. అది కనిపిస్తోందా లేదా అన్నదే కీలకం. మన దగ్గర తరచూ ఎదురయ్యే ప్రజాతులకు ఈ వరస పనిచేస్తుంది.

ప్రశ్న ఒకటి: స్క్యుటెల్లం కనిపిస్తోందా? కవచం కింద పూర్తిగా దాక్కుని, వెనకముల్లు వీపును అంటిపెట్టుకుని పోతుంటే ఆక్సీరాకిస్ వైపు చూడండి. తుమ్మల మీద గండుచీమలతో కలిసి కనిపించేవాటిలో ఆక్సీరాకిస్ టరాండస్ బాగా తెలిసినది.

ప్రశ్న రెండు: స్క్యుటెల్లం కనిపిస్తుంటే, దానికీ వెనకముల్లుకూ మధ్య సందు ఉందా? వెనకముల్లు పైనుంచి మొదలై, వంతెనలా వంగి, కింద వెలుతురు కనిపించేంత ఖాళీ వదిలితే అది లెప్టోసెంట్రస్ కావచ్చు. దీని కొమ్ములు పొడుగ్గా పక్కలకీ వెనక్కీ వంగి ఉంటాయి. లెప్టోసెంట్రస్ టారస్ నల్లగా ఉంటుంది, ఛాతీ పక్కల తెల్లని నూగు మచ్చలుంటాయి. వంగ మీద వెతకండి.

ప్రశ్న మూడు: సందు లేకపోతే కొమ్ములు ఉన్నాయా? కొమ్ములు అసలు లేకుండా కవచం నున్నగా ఇంటి కప్పులా ఉంటే గార్గారా కావచ్చు. పొట్టి కొమ్ములుండి, వెనకముల్లు శరీరాన్ని తాకుతూ పోతే ఒటినోటస్ లేదా ట్రైసెంట్రస్. కంది మీద తరచూ చెప్పుకునే ఒటినోటస్ ఒనెరాటస్ ఇక్కడికే వస్తుంది. ట్రైసెంట్రస్‌కు వెనక కాళ్ల మొదట్లో, లోపలివైపు చిన్న ముళ్లుంటాయి. అవి ఫొటోలో కనిపించవు, పురుగును మైక్రోస్కోపు కింద తిప్పి చూడాలి.

8. ఎక్కడ ఆగాలి

ప్రపంచంలో కొమ్ముల పురుగు జాతులు మూడు వేలకు పైనే ఉన్నాయి. మన దేశంలోనూ ఒకే ప్రజాతిలో దగ్గరి పోలికలున్న జాతులు ఎన్నో. వాటిని విడదీయడానికి చాలాసార్లు మగ పురుగు జననాంగాలు విప్పి చూడాల్సిందే. ఫొటో చూసి రెండో పేరు కూడా రాయాలన్న ఆత్రం వదిలేయండి.

"ఆక్సీరాకిస్ ప్రజాతి, నల్ల తుమ్మ మీద, పిల్లలతో సహా" అన్నది పూర్తి గుర్తింపే. అందులో లోటేమీ లేదు. తప్పు జాతి పేరుతో పెట్టిన చక్కని ఫొటో కంటే ఇది పది రెట్లు పనికొస్తుంది.

ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లు ఫొటో చూసి పేర్లు సూచిస్తాయి. అవి మొదటి దారి చూపడానికి బాగుంటాయి. కానీ అవి అమెరికా జాతి పేరు చూపిస్తే కళ్లు మూసుకుని నొక్కకండి. కొమ్ముల పురుగుల్లో ఎక్కువ రకాలు అమెరికా ఖండాలవే. మన దగ్గరివి దాదాపుగా సెంట్రోటినే అనే ఉపకుటుంబంలోనివి.

9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

రంగును బట్టి పేరు పెట్టడం. అప్పుడే పొట్టు విడిచిన తల్లి పురుగు పాలిపోయి ఉంటుంది, కాసేపటికి గట్టిపడి ముదురుతుంది. లేతరంగు పురుగు దొరికితే డబ్బాలో రెమ్మతో సహా ఒక రోజు ఉంచి మళ్లీ ఫొటో తీయండి.

ఆడ, మగలను రెండు జాతులనుకోవడం. మగవి చిన్నవిగా, తరచూ ముదురు రంగులో ఉంటాయి. కొమ్ముల పొడవు కూడా తేడా పడొచ్చు. ఒకే గుంపులో రెండు రకాలు కనిపిస్తే ముందు ఇదే అనుమానించండి.

"తుమ్మ మీద ఉంది కాబట్టి ఆక్సీరాకిస్" అనడం. ఒకే తుమ్మ మీద రెండు మూడు ప్రజాతులు ఉండొచ్చు. చెట్టు ఆధారం మాత్రమే. తీర్పు ఇవ్వాల్సింది స్క్యుటెల్లం, వెనకముల్లే.

కొమ్మలు కలిసిపోయిన చోట చెట్టు తప్పు రాయడం. రెమ్మను వేలితో పట్టుకుని మొదలు దాకా వెనక్కి వెళ్లండి. ఇందులో టెన్షన్ పడాల్సిందేమీ లేదు, ఒక్క నిమిషం పని.

10. నమూనా, చీటీ

జాతి తేల్చాలని పట్టుదల ఉంటేనే పురుగును తీసుకోండి. ఒక గుంపు నుంచి రెండు మూడు తల్లి పురుగులు చాలు. డబ్బాను రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. తర్వాత చిన్న త్రికోణపు అట్టముక్క కొసన జిగురు చుక్క పెట్టి, పురుగు కుడివైపు ఛాతీని అతికించండి. ఎడమ పక్క, వీపు, ముఖం ఖాళీగా ఉండాలి. పిల్ల పురుగులు ఆరబెడితే ముడుచుకుపోతాయి, వాటిని డెబ్బై శాతం ఆల్కహాల్‌లో వేయాలి.

చీటీ మీద:

- ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం
- తేదీ (నెల పేరు అక్షరాల్లో, అంకెలు తారుమారు కాకుండా)
- చెట్టు పేరు, నేల నుంచి ఎంత ఎత్తులో
- రుజువు స్థాయి: గట్టి, మధ్యస్థం, బలహీనం
- ఏ చీమలు
- చూసినవారి పేరు

ఆరబెట్టిన రెమ్మకూ, పురుగుకూ ఒకే నంబరు వేయండి. చీటీ లేని పురుగు ఎంత అరుదైనదైనా ఎవరికీ పనికిరాదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కీటకశాస్త్ర విభాగాలు, బెంగళూరులో జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఉన్నాయి. అలాంటి చోట నిపుణులను అడిగేటప్పుడు వాళ్లు మొదట చూసేది చీటీనే.

11. పిల్ల పురుగులే దొరికితే

చాలాసార్లు గుంపులో తల్లి పురుగులు ఉండవు. అప్పుడు వదిలేసి రాకండి. దోమతెర గుడ్డతో జానెడు పొడుగు సంచి కుట్టుకోండి, రెండు వైపులా తెరిచి ఉండాలి. ముందు రెమ్మ మీద సాలీళ్లు, చీమలు లేకుండా మెత్తని బ్రష్‌తో తీసేయండి. పిల్లలను కదపకుండా రెమ్మను సంచిలోకి దూర్చి, రెండు చివర్లూ దూదితో చుట్టి దారంతో కట్టండి. గుడ్డ ఆకులకు మరీ ఆనకూడదు.

వీపు మీద రెక్కల మొగ్గలు పెద్దగా కనిపించే పిల్లలున్న రెమ్మను ఎంచుకుంటే ఎక్కువ రోజులు ఆగక్కర్లేదు. రెండు మూడు రోజులకోసారి వెళ్లి గుడ్డలోంచే చూడండి. జిగట ఎక్కువై గుడ్డ అంటుకుంటుంటే సంచి మార్చండి. ఒక ఉదయం రెమ్మ మీద ఖాళీ పొట్టు, పక్కనే మెత్తని కొమ్ములతో పాలిపోయిన తల్లి పురుగు ఉంటుంది. మర్నాటి దాకా ఆగి రంగు ముదిరాక ఫొటోలు తీయండి. ఆ రెమ్మ రసం తాగే అది ఎదిగింది కాబట్టి ఆతిథేయ మొక్కకు ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు. చీటీలో "సంచిలో ఎదిగింది" అని రాసి, సంచి కట్టిన తేదీ, తల్లి పురుగు వచ్చిన తేదీ రెండూ వేయండి.